జేబులు కుట్టేసిన కోటు

బీరువా తలుపు తీసినప్పుడల్లా దయామణి చూపు ముందు ఆ మూలకే పోయేది. చీరల దొంతరకీ గోడకీ మధ్య, పొడుగాటి కవర్లో, కలరా ఉండల వాసనతో ఆ సూటు వేలాడుతుండేది. ముదురు నీలం. భుజాలు మనిషి నిలబడ్డట్టే ఉండేవి. పైన తల ఉండదు, కింద కాళ్ళు ఉండవు. ఆవిడ కావలసిన చీర గబుక్కున లాక్కుని తలుపు మూసేసేది.

ఆ సూటు ఆవిడ భర్త కొండలరావు మాస్టారిది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా వేసుకోలేదు. గుండె ఆపరేషనై ఇంటికొచ్చాక, కాస్త నడవగలిగిన వెంటనే, గుడివాడలో తనకి ఎప్పట్నుంచో బట్టలు కుట్టే గణపతి దగ్గరికి వెళ్ళి కొలతలిచ్చి వచ్చారు. తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజున దయామణి కూడా పక్కనే ఉంది. కొత్త కోటు జేబుల నోళ్ళకీ, వెనక చీలికకీ టైలర్లు తెల్లదారంతో పొడుగు కుట్లు వేసి ఉంచుతారు. తొడుక్కునే ముందు విప్పేస్తారు. గణపతి బ్లేడు చేతిలోకి తీసుకుని, "విప్పేయమంటారా మాస్టారూ?" అని అడిగాడు.

"ఉండనీలే గణపతీ. అక్కడ జేబులో పెట్టుకునేదేముంది?" అన్నారు మాస్టారు.

ఎక్కడ అని అడగబోయి గణపతి ఆగిపోయాడు. బ్లేడు పక్కన పెట్టేసి, కవరు జిప్పు మెల్లిగా పైకి లాగాడు.

బందరులో ఇంటికొచ్చాక మాస్టారు కవరుని తానే బీరువాలో తగిలించారు. "నన్ను పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఇది వెయ్యండి. టై కోటు చేతిలో మడిచి పెట్టాను. వాచీ అక్కర్లేదు," అని, పాలవాడొచ్చాడా అని అడిగినంత మామూలుగా చెప్పారు. దయామణి విననట్టు వంటింట్లోకి వెళ్ళి, వెలిగించని స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టి నిలబడింది.

ఆ రోజుతో మాస్టారి ముస్తాబు ఆగిపోయింది.

ముస్తాబంటే మామూలు ముస్తాబా! హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయన గుమ్మం దాటారంటే, ఎక్కడికి వెళ్తున్నారో వీధిలో వాళ్ళు బట్టలు చూసి చెప్పేసేవారు. ఆదివారం ప్రార్థనా మందిరానికి తెల్ల ఫుల్‌షర్టు, నల్ల ప్యాంటు, మొహం కనపడేలా పాలిష్ చేసిన లేసుల బూట్లు. ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూటాలకి వెళ్తే చెప్పులే, ఎందుకంటే చాప మీద కూర్చునే ఇంటి గుమ్మంలో లేసులు విప్పుతూ పదిమందిని నిలబెట్టకూడదు. సమాధుల తోటకి వెళ్తే సెంటు రాసుకునేవారు కాదు, మెరిసే గుండీలున్న చొక్కా తొడిగేవారు కాదు. పెళ్ళికైతే మే నెల ఎండలో కూడా కోటూ టైయ్యే. అదే పెదపారుపూడిలో హిందువులైన గోవర్ధనరావుగారి అమ్మాయి పెళ్ళికి మటుకు పట్టంచు పంచె, ఉత్తరీయం వేసుకుని వెళ్ళారు. "మాస్టారూ, మా బావమరుదుల కంటే మీరే మా బావమరిదిలా ఉన్నారండీ," అని గోవర్ధనరావుగారు అందరి ముందూ కావలించుకున్నారు.

"బట్టలు మన సోకు కోసం కాదు దయా," అనేవారు మాస్టారు ఇస్త్రీ పెట్టె వేడెక్కే లోపల. "నీ ఇంట్లో సంగతి నాకూ ముఖ్యమేనయ్యా అని ఎదుటివాడికి నోరు తెరవకుండా చెప్పడం." ఆ వెంటనే వాళ్ళ నాన్న కబురొకటి చెప్పేవారు. ఆయన పెదపారుపూడి పక్కన పొలాల్లో పాలేరు. ఉతికిన చొక్కా వేసుకుని వీధిలోకొస్తే, "ఏరా, ఎవరి పెళ్ళికిరా?" అని అరుగుల మీంచి నవ్వేవారట. "ఎవరి పెళ్ళీ లేదండీ, మావాడు బడికెళ్తుంటే దింపడానికి," అని ఆయన తల వంచుకునే చెప్పేవారట గానీ, మర్నాడు చొక్కా మాత్రం మానలేదట. ఇస్త్రీ పెట్టె వేడెక్కేది. మాట అక్కడికి ఆగిపోయేది.

అలాంటి మనిషి ఇప్పుడు పొద్దస్తమానం లుంగీ, మెడ సాగిన బనీను. మందిరానికి వెళ్ళడం కూడా తగ్గించేశారు. వెళ్ళినా చొక్కా ప్యాంటు పైకి వదిలేసి, చెప్పులేసుకుని వెనక బెంచీలో కూర్చుని వచ్చేసేవారు. బూట్లకి బూజు పట్టింది. "ఎందుకులే, ఎవరు చూడొచ్చారు," అనేవారు.

దయామణి స్వతహాగా భయస్థురాలు. ఆవిడది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడ తమ్ముణ్ణి సముద్రం తీసుకుపోయింది. మనిషి దొరకలేదు. చల్లపల్లిలో మేనత్తగారింటి దండెం మీద, అంతకు ముందు వారం వాడు ఆరేసి మర్చిపోయిన గళ్ళ చొక్కా మాత్రం మిగిలింది. దాన్ని మేనత్త మడత పెట్టి తెచ్చి ఇచ్చింది. అప్పట్నుంచీ ఎవరు ఇల్లు కదిలినా దయామణి గేటు దాకా వచ్చి, మలుపు తిరిగేదాకా నిలబడేది. మాస్టారు ముస్తాబై బయల్దేరుతూ "వెళ్ళొస్తా" అనేవారు. 'వస్తా' అన్న ఆ ఒక్క మాట కోసం ఆవిడ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. ఇప్పుడు ఆయన ఎక్కడికీ వెళ్ళడం లేదు కనుక ఆ మాట అనడం లేదు. ఇంట్లోనే ఉన్నారు కదా, ఆవిడ నిశ్చింతగా ఉండాలి. కానీ మనిషి కుర్చీలో కూర్చునే కొంచెం కొంచెంగా వెళ్ళిపోతున్నట్టుండేది. ఒక్కసారి, ఒక్కసారి మళ్ళీ బూట్లు వేసుకుని గేటు దగ్గర ఆ మాట అంటే చాలు, ప్రభువా, అని ఆవిడ రోజూ ప్రార్థన చేసుకునేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, మాస్టారు భోంచేసి నిద్రపోతున్న వేళ, సత్యవతి వచ్చింది. దయామణి పుట్టింటి పక్కింటావిడ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. వెంట కొడుకు విజయ్ కుమార్, రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, నీడపట్టున లేని పని కదా, ఎండకి నిగనిగలాడుతున్నాడు.

"వందనాలు వదినా! పెళ్ళి కుదిరింది వీడికి. వచ్చే బుధవారం మన ఊరి మందిరంలోనే. మాస్టారి కోటు కోసం వచ్చాం," అంది సత్యవతి కుర్చీలో కూర్చోకముందే.

మాస్టారి కోటంటే ఆయన పెళ్ళినాటి కోటు. సూటు కుట్టించుకునే స్తోమత లేని ప్రతి పెళ్ళికొడుకూ దాన్ని అడిగి తీసుకెళ్ళేవాడు. దివిసీమలో ఆ కోటు తొడుక్కోని మగాడు మన సంఘంలో లేడని పాస్టరుగారు వేళాకోళం చేసేవారు. సత్యవతి భర్త కూడా అందులోనే పెళ్ళి చేసుకున్నాడు. కానీ ఆ కోటు చిరిగి చిరిగి, లోపలి గుడ్డ పేలికలై, మాస్టారి ఆపరేషన్‌కి ముందే పాడైపోయింది.

"అది లేదు సత్యవతీ. చిరిగి పాడైపోయింది," అంది దయామణి.

సత్యవతి మొహం చిన్నబోయింది. "అయ్యో! ఆ కోటు వేసుకున్నోళ్ళ కాపురాలన్నీ చక్కగా నిలబడ్డాయి వదినా. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నన్ను ఒక్క మాటన్నాడా?"

"అవనిగడ్డలో అద్దెకిస్తారంటే వినదత్తా," అన్నాడు విజయ్ కుమార్. "మెరుపులు కుట్టినవి ఉన్నాయి, బానే ఉన్నాయి."

"ఆ మెరుపులేసుకుని నువ్వు పెళ్ళికొడుకులా ఉండవురా, బ్యాండు మేళంలో బూర ఊదేవాడిలా ఉంటావు," అంది తల్లి.

దయామణి నవ్వింది. నవ్వుతూనే కుర్రాడి భుజాలు చూసింది. ఆపరేషన్ తర్వాత చిక్కిపోయినప్పుడు ఇచ్చిన కొలతలు కదా మాస్టారివి. సరిగ్గా సరిపోతాయి. ఆ ఆలోచన వచ్చేసరికే ఆవిడ కాళ్ళు బీరువా వైపు నడుస్తున్నాయి. గదిలో మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చప్పుడు కాకుండా సూటు తీసింది. ఖాళీ కవరు చూస్తే తెలిసిపోతుందని, పాత రగ్గు ఒకటి హ్యాంగరుకి చుట్టి అందులో దూర్చి జిప్పు లాగింది. రగ్గుకి భుజాలొచ్చాయి. ఆవిడకే నవ్వొచ్చింది.

"కొత్తదే! మాస్టారు వేసుకోనే లేదా ఇంకా?" అంది సత్యవతి.

"లేదు. తీసుకెళ్ళండి. ఆయన్ని ఇప్పుడు లేపొద్దు," అంది దయామణి.

వాళ్ళు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడింది. తిరిగాక గానీ అసలు భయం పట్టుకోలేదు. సమాధి కోసం కుట్టించిన బట్ట పెళ్ళికొడుక్కి ఇచ్చాను! పచ్చగా బతకాల్సిన పిల్లాడు! గుడివాడలో కాలేజీలో పనిచేసే కూతురు హెప్సిబాకి ఫోన్ చేసింది.

అంతా విని హెప్సిబా పడీ పడీ నవ్వింది. "రగ్గా? అమ్మా, నువ్వు దొంగతనం కూడా చేస్తావా?"

"నవ్వకే. వాడికేమన్నా అయితే?"

"ఏమవుతుంది? అది నాన్న ఒంటికి తగిలిందా ఎప్పుడైనా? కొత్త సూటు. కొత్త బట్ట పెళ్ళికిచ్చావు. నాన్నకి చెప్పేయ్."

"చెప్తే ఆయన గుండె..."

"నాన్న గుండె బానే ఉందమ్మా. డాక్టరు చెప్పాడు. నాన్నే నమ్మట్లేదు."

చెప్పేద్దామనే అనుకుంది. సాయంత్రం టీ ఇస్తూ నోరు తెరిచింది, కరెంటు పోయింది. మర్నాడు అన్నం వడ్డిస్తూ "ఏమండీ, ఆ సూటు..." అంది. "ఉంటుందిలే, దాన్ని నువ్వు తాకకు," అన్నారాయన. ఇంక నోరు పెగల్లేదు. ఎలాగూ ఆయన పెళ్ళికి రారు, ఎక్కడికీ రావడం లేదు కదా, తెచ్చి ఇచ్చేశాక మళ్ళీ తగిలించేస్తే సరి, అని సరిపెట్టుకుంది.

సోమవారం సత్యవతి ఫోన్ చేసి మాస్టార్నే అడిగింది. "అన్నయ్యగారూ, వాడికి తండ్రి లేడు. పెళ్ళికొడుకు పక్కన నిలబడే పెద్దదిక్కు మీరే. కాదంటే ఒట్టే."

మాస్టారు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. "సరేనమ్మా," అన్నారు చివరికి.

ఆయన గుమ్మం దాటాలని ఇన్నాళ్ళూ ప్రార్థన చేసిన దయామణే ఇప్పుడు అడ్డుపడింది. "అంత దూరం బస్సులో ఎందుకండీ, ఎండలు," అంది.

"నువ్వే కదా నెలల తరబడి బయటికి రండి, రండి అని పోరు పెట్టావు?"

బుధవారం పొద్దున్న ఆయన పొట్టి చేతుల చొక్కా, నలిగిన ప్యాంటు, చెప్పులు వేసుకుని బయల్దేరారు. "పెళ్ళికి ఇలాగా?" అనబోయి దయామణి మింగేసింది. మంచి బట్టలు అడిగితే బీరువా తెరవాలి.

బస్సు చల్లపల్లి దాటింది. మోపిదేవి దాటింది. దారంతా ఆవిడ గాజుకి తగిలించుకున్న పిన్నీసుని తిప్పుతూనే ఉంది. "ఎందుకంత కంగారు? ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక నా కంటే ధైర్యంగా ఎక్కుతున్నావనుకున్నానే," అన్నారు మాస్టారు. అవనిగడ్డలో దిగి ఆటో ఎక్కారు. రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రాల నీళ్ళు ఎండకి తళతళలాడుతున్నాయి. మందిరం ముందు షామియానా, కుర్చీలు, మైకులో కీర్తన.

షామియానా కింద విజయ్ కుమార్ నిలబడి ఉన్నాడు. ముదురు నీలం సూటు. గుండీలన్నీ పైనుంచి కిందిదాకా పెట్టేసుకున్నాడు. టై పడవకి కట్టే తాడులా మెలి తిరిగి ఉంది. వెనక చీలిక మీద తెల్లదారం కుట్లు అలాగే ఉన్నాయి.

మాస్టారు ఆటో దిగిన చోటే నిలబడిపోయారు. సూటు వంక చూశారు. తర్వాత దయామణి వంక చూశారు. ఆవిడ తల వంచుకుంది. అరుస్తారా, వెనక్కి తిరిగి ఆటో ఎక్కేస్తారా, గుండె పట్టుకుని కూలబడతారా, ఆవిడకి ఒక్క క్షణంలో అన్నీ కనిపించాయి.

అంతలో కుర్రాడే ఎదురొచ్చాడు. "వందనాలు మావయ్యా! సూటు అదిరింది. ఒక్కటే గొడవ, ఉంగరం పెట్టుకుందామంటే దీనికి జేబుల్లేవు." కోటు పక్కల తడుముకుంటూ చూపించాడు. "నోళ్ళున్నాయి గానీ చెయ్యి దూరట్లేదు. ఉంగరం అందాకా గుప్పెట్లో పట్టుకున్నా, చెమటకి జారిపోతోంది."

అరచేయి విప్పాడు. చిన్న బంగారు ఉంగరం, చుట్టూ చెమట.

మాస్టారు ఆ ఉంగరం వైపు అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత దయామణి వైపు తిరగకుండానే చెయ్యి చాపారు. "పిన్నీసు ఇవ్వు."

ఆవిడ గాజు నుంచి తీసి ఇచ్చింది.

"కదలకు," అన్నారు మాస్టారు విజయ్ కుమార్‌తో. కుర్చీ లాక్కుని కూర్చుని, కోటు అంచు కళ్ళకి దగ్గరగా పట్టుకుని, పిన్నీసు మొన తెల్లదారం కిందకి దూర్చారు. ఒక్కో కుట్టూ పుటుక్కుమంటోంది. కుడి జేబు తెరుచుకుంది. ఎడమ జేబు తెరుచుకుంది. కుర్రాణ్ణి వెనక్కి తిప్పి చీలిక కుట్లు కూడా లాగేశారు.

"నడిచేటప్పుడు ఇది విచ్చుకోవాలిరా. లేకపోతే బిగదీసుకుపోతుంది. కింది గుండీ విప్పు, అది పెట్టుకోవడానికి కాదు. ఈ టై ఎవరు కట్టారు?"

"ఫోన్లో వీడియో చూసి నేనే కట్టుకున్నా మావయ్యా."

"వీడియో తిరగేసి చూశావా?" అని, టై విప్పి తన మెడలో వేసుకుని ముడి వేసి, వదులు చేసి తీసి, వాడి మెడలో వేసి బిగించారు. కాలరు దించారు. రెండడుగులు వెనక్కి వేసి చూశారు. ఇదివరకు అద్దంలో తనని తాను చూసుకునే చూపు అది. "చేతులు కట్టుకోకు. తల వంచకు. మీ నాన్న ఇదే మందిరంలో నా కోటేసుకుని నిలబడ్డాడు, సిగ్గుతో సగమైపోయాడు. నువ్వలా ఉండకు. ఉంగరం ఏ జేబులో?"

"కుడి జేబులో."

"అదే గుర్తుపెట్టుకో. మర్చిపోయి ఎడమ జేబు వెతికితే పెళ్ళికూతురు నవ్వుతుంది."

పెళ్ళి సమయానికి పాస్టరుగారు "పెద్దలు పెళ్ళికొడుకు పక్కకి రండి," అని పిలిచారు. మాస్టారు లేవబోయి తన చొక్కా చూసుకున్నారు. పొట్టి చేతులు, పైకి వదిలేసిన అంచు, దుమ్ము కొట్టిన చెప్పులు. దయామణికి తెలుసు ఆయన మొహంలో ఆ మార్పు. గబగబా చొక్కా లోపలికి దోపుకున్నారు, జుట్టు చేత్తో సర్దుకున్నారు, చెప్పులు గుమ్మం బయట వదిలేసి ఉత్త కాళ్ళతో లోపలికి నడిచారు. ఉంగరం అడిగినప్పుడు విజయ్ కుమార్ చెయ్యి సరిగ్గా కుడి జేబులోకే వెళ్ళింది. మాస్టారు గర్వంగా దయామణి కూర్చున్న వైపు చూశారు. అంతలోనే కోపంగా ఉండాలని గుర్తొచ్చినట్టు చూపు తిప్పుకున్నారు.

తిరుగు బస్సు ఎక్కారు. చల్లపల్లి వచ్చాక మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగారు.

"మరి కవర్లో ఉన్నదేమిటి?"

"రగ్గు."

"ఏ రగ్గు?"

"కుక్క కొరికింది. ఆ పాతది."

"అంటే, నేను పోతే ఆ రగ్గు కప్పి పంపించేదానివి."

"అలా అనకండి!" అంది దయామణి. తర్వాత కండక్టరు వినకుండా చిన్నగా చెప్పింది: "మా తమ్ముడి చొక్కా చూశాను కదండీ, మనిషి లేకుండా. అప్పుడు మనిషి వెళ్ళిపోయాక చొక్కా మిగిలింది. మీరేమో మనిషి ఉండగానే ఖాళీ బట్ట తెచ్చి తగిలించారు. రోజూ తలుపు తీసి నేను దాన్ని చూడాలి. నా వల్ల కాలేదు."

మాస్టారు ఆవిడ గాజుకి పిన్నీసు లేదని గమనించి, తన చొక్కా జేబులోంచి తీసి, ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ గాజుకి తగిలించారు.

శుక్రవారం కొత్త దంపతులు సూటు తెచ్చి ఇచ్చారు. విజయ్ కుమార్ పెళ్ళాం అక్షిత దాన్ని శుభ్రంగా ఇస్త్రీ చేయించి మరీ తెచ్చింది. వాళ్ళు వెళ్ళాక మాస్టారు జేబుల్లో చెయ్యి పెట్టి చూశారు. రెండు బంతిపూల రేకులు, ఒక చాక్లెట్ కాగితం వచ్చాయి. వాటిని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశారు.

"పెళ్ళి చేసుకొచ్చిన కోటు దయా ఇది. పెట్టెలోకి ఇంకేం పనికొస్తుంది?" అన్నారు. తర్వాత కోటు తిరగేసి, "లోపలి జేబు కుట్టు అలాగే ఉందే. చూసుకోలేదు ఆ రోజు," అని మళ్ళీ చెయ్యి చాపారు.

ఈసారి దయామణి పిన్నీసు ఇవ్వలేదు. కోటు తన ఒళ్ళోకి లాక్కుని తనే విప్పింది. కళ్ళకి సరిగ్గా ఆనడం లేదు, అయినా ఒక్క నూలు పోగు లేకుండా లాగింది. విప్పాక ఆ జేబులో ఏం పెట్టాలా అని అటూ ఇటూ చూసి, మాస్టారి చదువుకునే కళ్ళద్దాలు పెట్టింది.

ఆదివారం పొద్దున్న వంటింట్లో ఉప్మా కలుపుతుంటే బూట్ల పాలిష్ వాసన వచ్చింది. దయామణి కదల్లేదు. కదిలితే చెదిరిపోతుందేమోనని భయం. అంతలో ముందు గదిలో ఫోన్ మోగింది, మాస్టారి గొంతు గట్టిగా వినిపించింది.

"ఎవరూ, కోడూరు నుంచా? ఎవరి పెళ్ళి? ఆ, ఉంది, ఉంది. కొత్తదే. అబ్బాయి ఛాతీ ఎంత? కొలిచి చెప్పు, ఊరికే ఊహించి చెప్పకు... సరే. తీసుకెళ్ళండి. కానీ శనివారానికల్లా తెచ్చి ఇచ్చేయాలి. ఆదివారం నాకు కావాలి."

దయామణి గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. ముదురు నీలం సూటు, భుజాల మీద తల, కోటు చేతుల్లో చేతులు, కింద మెరుస్తున్న బూట్లు. కింది గుండీ పెట్టుకోలేదు. కాలరు ఒక పక్క లేచి ఉంటే ఆవిడ దించింది.

"మందిరంలో అందరూ ఎవరి పెళ్ళి మాస్టారూ అని అడుగుతారు," అంది.

"ఎవరి పెళ్ళీ లేదనే చెప్తాను," అన్నారు మాస్టారు. గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగారు. "ఇవాళ పెందరాళే వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంటాను. నువ్వు తిని మెల్లిగా రా. వెళ్ళొస్తా."

ఆవిడ మలుపు దాకా చూద్దామని గేటు పట్టుకుని నిలబడింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటుతున్న వాసన వేసింది. ఆయన ఇంకా మలుపు తిరగకముందే లోపలికి పరిగెత్తింది.